అనుమానమా, అన్యాయమా? — ఎం.ఐ.టి. స్త్రీ ఆచార్యుల నివేదికపై ఒక విమర్శ

పనిచేయుచోట తనకు ఇతరులకంటె తక్కువ లభించుచున్నదని ఒక స్త్రీ తలచినదనుకొందము. ఆ తలపునకు రెండు కారణములు చెప్పవచ్చును. నిజముగనే ఆమెకు తక్కువ లభించుచుండవచ్చును. లేదా, అందరికిని సమానముగనే లభించుచున్నను, ఆత్మవిశ్వాసము చాలక ఆమె అట్లు భావించుచుండవచ్చును. ఈ రెండింటిలో ఏది నిజమన్న ప్రశ్న వచ్చినప్పుడు సాధారణముగ వాదోపవాదములు చెలరేగును. నిర్ణయము మాత్రము జరుగదు. ఒళ్ళు వెచ్చగానున్నదని రోగి చెప్పినప్పుడు వైద్యుడు అతనితో వాదమునకు దిగడు, ఉష్ణమాపకమును తీసి చూచును. ఈ విషయమునందును అట్టి కొలత సాధ్యమా?

సాధ్యమేనని చూపుటకు యత్నించిన గ్రంథములలో ముఖ్యమైనది అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.) 1999 మార్చిలో తన ఆచార్యుల పత్రికయందు ప్రకటించిన నివేదిక. ఆ సంస్థ విజ్ఞానశాస్త్ర విభాగములోని స్త్రీ ఆచార్యుల స్థితిగతులు ఇందలి విషయము. ఇది చిన్నదైనను దీనికి వచ్చినంత ప్రశంసయు, దీనిపై జరిగినంత దాడియు ఇట్టి నివేదికలకు సాధారణముగ ఉండవు. ఆ ప్రశంసలో ఎంత న్యాయమున్నదో, ఆ దాడిలో ఎంత సత్యమున్నదో విచారించుట విజ్ఞానశాస్త్రము బోధించువారికిని, చదువువారికిని ప్రయోజనకరము.

నివేదిక పుట్టిన విధము

నాన్సీ హాప్కిన్స్ జీవశాస్త్రజ్ఞురాలు. 1973 నుండి ఎం.ఐ.టి. క్యాన్సరు పరిశోధన కేంద్రములో పనిచేయుచు, వైరసులపై పరిశోధనవలన పేరుపొందినది. తరువాత ఆమె జీబ్రాచేప అను చిన్న చేపపై పరిశోధన ఆరంభింపదలచినది. చేపలతొట్లకు స్థలము కావలెను. ఆమె కోరినది 200 చదరపు అడుగులు మాత్రమే. అదియు లభింపలేదు. తనకున్న స్థలము ఇతరులతో సమానమేనని అధికారులు చెప్పగా, ఆమె ఒక కొలత టేపు తీసికొని, రాత్రివేళ తన భవనములోని ప్రయోగశాలలను ఒక్కొక్కటిగా కొలిచినది. తన స్థలము పురుష ఆచార్యుల స్థలముకంటె తక్కువయని లెక్కలో తేలినది.

ఇంతవరకు ఇది ఒకరి ఫిర్యాదు. 1994 వేసవిలో హాప్కిన్స్ మరి ఇద్దరు స్త్రీ ఆచార్యులతో మాటలాడగా, వారి అనుభవములును ఇట్టివేయని తెలిసినది. ఆ సంవత్సరము విజ్ఞాన విభాగములో స్థిరోద్యోగము గల స్త్రీ ఆచార్యులు 15 మంది. పురుష ఆచార్యులు 190 కి పైబడియుండిరి. ఒకే సంస్థలో ఏండ్ల తరబడి పనిచేసినను ఈ స్త్రీలు ఈ సంగతిని అంతకుముందు ఒకరితో ఒకరు చర్చించియుండలేదు. ప్రతివారును తమ ఇబ్బందిని తమ ఒక్కరి ఇబ్బందిగనే ఎంచిరి. కొలది దినములలోనే 16 మంది స్త్రీలు కలిసి డీన్ రాబర్ట్ బర్జనోకు విజ్ఞప్తి చేసిరి. 1995లో సంఘము ఏర్పడినది. అందు స్త్రీలతోపాటు అనుభవజ్ఞులైన పురుష ఆచార్యులును సభ్యులు. హాప్కిన్స్ అధ్యక్షత వహించినది.

నివేదిక సారాంశము

సమాన ప్రతిభ గల పురుషులతో పోల్చినచో, స్త్రీలకు జీతము, ప్రయోగశాల స్థలము, బహుమానములు, పరిశోధన వనరులు తక్కువగ లభించినవనియు, ఇతర సంస్థలు ఆహ్వానించినప్పుడు వారిని నిలుపుకొనుటకు చూపిన శ్రద్ధ తక్కువయనియు నివేదిక చెప్పుచున్నది. ఇది బుద్ధిపూర్వకముగ చేసిన ద్రోహమని సంఘము చెప్పలేదు. ఎవరును గమనింపని చిన్న చిన్న నిర్ణయములు ఒకే దిక్కునకు మొగ్గి, ఏండ్లు గడచినకొలది పేరుకొన్న ఫలితమే ఇది యని దాని అభిప్రాయము.

నివేదికలో అన్నింటికంటె విలువైన భాగము వేరొకటి. క్రొత్తగా చేరిన యువతులు తమకు ఏ అన్యాయమును జరుగుట లేదనియు, సంస్థ తమకు తోడ్పడుచున్నదనియు చెప్పిరి. వారికి దిగులేమైన ఉన్నచో అది ఉద్యోగమును, కుటుంబమును కలిపి ఎట్లు నడపుదుమా యన్నది మాత్రమే. వయసుమీరిన స్త్రీలు అందుకు భిన్నముగ, తాము క్రమముగ ప్రక్కకు నెట్టబడితిమని చెప్పిరి. ఆ పెద్దవారును తమ యౌవనమున నేటి యువతులవలెనే తలచిరి. వివక్ష అన్నది వెనుకటి తరముతో ముగిసినదని ప్రతి తరమును నమ్మినది.

ఆత్మవిశ్వాసము చాలమివలన అన్యాయభావము పుట్టుననువారు ఇచ్చట ఆగి ఆలోచింపవలెను. ఆ వాదమే నిజమైనచో, అనుభవము లేని యువతులలో ఫిర్యాదు ఎక్కువగను, పేరుప్రతిష్ఠలు సంపాదించిన పెద్దవారిలో తక్కువగను ఉండవలెను. కనబడినది దీనికి విపరీతము. ఆత్మవిశ్వాసము తగ్గుట కొందరియందు కారణము కాక, ఫలితము కావచ్చును.

నివేదికలోని లోపములు

ఇక దాడి సంగతి. నివేదిక వెలువడిన ఏడాదిలోనే అలాస్కా విశ్వవిద్యాలయమునకు చెందిన జూడిత్ క్లైన్‌ఫెల్డ్ దీనిని తీవ్రముగ ఖండించినది. ఆమె ఆక్షేపణలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి: జీతములు, స్థలము మొదలగువాని లెక్కలు ప్రకటిత నివేదికలో లేవు, రహస్యమని వానిని దాచిరి. రెండు: ఫిర్యాదు చేసినవారే విచారణ సంఘములో ఉండిరి.

ఈ రెండును త్రోసివేయదగిన ఆక్షేపణలు కావు. పదవ తరగతి విద్యార్థి ప్రయోగ పుస్తకములో ఫలితము మాత్రమే వ్రాసి, రీడింగులు వ్రాయనిచో ఏ ఉపాధ్యాయుడును మార్కులు వేయడు. నివేదికకు మాత్రము వేరొక న్యాయము ఎందుకుండవలెను? దీనికి ఒక సమాధానము కలదు. శాఖకు ఒకరిద్దరు స్త్రీలు మాత్రమే ఉన్నచోట, స్త్రీల సగటు జీతము ప్రకటించుట అనగా ఆ వ్యక్తుల జీతమును బయటపెట్టుటయే. ఇది నిజమైన చిక్కే. అయినను, లెక్కలను సంస్థతో సంబంధములేని గణాంక శాస్త్రజ్ఞునకు ఒప్పగించి, అతని నిర్ణయమును మాత్రము ప్రకటించియుండవచ్చును. అట్లు చేయకపోవుట నివేదికకు పెద్ద కొరత.

రెండవ ఆక్షేపణ కొంత బలహీనమైనది. వాది తానే తీర్పరియగుట మంచిది కాదు, నిజమే. కాని ఇచ్చట లెక్కలను చూచి ఒప్పుకొన్నవారు స్త్రీలు మాత్రమే కాదు. డీన్ బర్జనో తానే సరిచూచి లోపములను దిద్ద ఆరంభించెను. సంస్థాధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ నివేదికకు వ్రాసిన ముందుమాటలో, ఇట్టి వివక్షలో కొంత వాస్తవము, కొంత భావన ఉండునని తాను తలచియుంటిననియు, అందు వాస్తవము భాగమే చాల ఎక్కువయని ఇప్పుడు గ్రహించితిననియు ఒప్పుకొనెను. ఆరోపణ అబద్ధమైనచో లాభపడవలసినవారే దానిని నిజమని ఒప్పుకొనుట గట్టి సాక్ష్యము. అయినను అది సాక్ష్యమే గాని లెక్క కాదు. ఈ భేదమును పాఠకులు మరువరాదు.

ఒక్కొక్కటిగ చూచిన కనబడనిది

ఆ స్త్రీలు ఇరువది ఏండ్లు గమనింపనిది కొలది దినములలో ఎట్లు గమనించిరి? దీనికి మనశ్శాస్త్రములో సమాధానము కలదు. ఫే క్రాస్బీ అను శాస్త్రజ్ఞురాలు బోస్టను నగరము ప్రక్కనున్న న్యూటన్ అను ఊరిలో ఉద్యోగులను పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. సమానమైన ఉద్యోగములలో స్త్రీల జీతము పురుషుల జీతముకంటె తక్కువగనుండెను. స్త్రీలకు సాధారణముగ అన్యాయము జరుగుచున్నదని ఆ ఉద్యోగినులు ఒప్పుకొనిరి. తమకు మాత్రము జరుగుట లేదనిరి! 1986లో ఆమెయు, ఆమె సహచరులును చేసిన ప్రయోగము మరింత తేటయైనది. ఒక సంస్థలోని జీతముల వివరములను ఒక్కొక్క జంటగ చూపినప్పుడు చూచినవారికి వివక్ష అంతగా కనబడలేదు. అవే వివరములను ఒకే పట్టికగ చూపినప్పుడు కనబడినది.

దీని వెనుకనున్న గణితమును తరగతిలో సులభముగ చూపవచ్చును. అర్హతలు సరిపోలిన పది జంటలను, జంటకు ఒక పురుషుడు, ఒక స్త్రీ చొప్పున, ఊహింపుడు. మొదటి జంటలో స్త్రీకి తక్కువ వచ్చినచో ‘అతడు ముందుగ చేరెను’ అని సరిపెట్టుకొనవచ్చును. రెండవ జంటలో ‘అతని శాఖకు ధనమెక్కువ’ అనవచ్చును. ప్రతి జంటకును ఏదో ఒక కారణము దొరకును. కాని పది జంటలలోను స్త్రీకే తక్కువ వచ్చినచో? లింగభేదముతో సంబంధము లేక, ఎక్కువ తక్కువలు నాణెమును ఎగురవేసినట్లు నిర్ణయమగునని అనుకొన్నచో, పదిమార్లును బొమ్మయే పడు సంభావ్యత 1024లో 1 మాత్రమే. జంటలు నిజముగ సరిపోలినవేనా యన్నది మాత్రము వేరుగ పరీక్షింపవలసిన సంగతి. ఎం.ఐ.టి. నివేదిక ప్రకటింపక దాచినది సరిగా ఈ పట్టికనే!

ఆత్మవిశ్వాసమును వేరుచేసి చూచుట

ఆత్మవిశ్వాసములో భేదము లేదని చెప్పుట సత్యము కాదు. జాయిస్ ఎర్లింగర్, డేవిడ్ డన్నింగ్ అనువారు 2003లో ప్రకటించిన పరిశోధనలో కళాశాల విద్యార్థులకు ఒక శాస్త్ర పరీక్ష పెట్టిరి. తాము 10కి ఎన్ని సరిగా వ్రాసితిమని తలచుచున్నారో అడుగగా యువతుల సగటు 5.8, యువకుల సగటు 7.1. నిజముగ వచ్చినవి క్రమముగ 7.5, 7.9. తరువాత ఒక శాస్త్రపు పోటీలో పాల్గొందురా యని అడుగగా యువకులలో 71 శాతము, యువతులలో 49 శాతము మాత్రమే ఒప్పుకొనిరి. సామర్థ్యములో అల్పమైన భేదము, విశ్వాసములో పెద్దదై, అవకాశములో మరింత పెద్దదైనది.

అయినచో అంతయు విశ్వాసలోపమేనా? 2012లో కోరిన్ మాస్-రకుసిన్, ఆమె సహచరులు యేల్ విశ్వవిద్యాలయమున చేసిన ప్రయోగము దీనికి జవాబు. ప్రయోగశాల నిర్వహణ ఉద్యోగమునకు ఒక దరఖాస్తును తయారుచేసి 127 మంది శాస్త్ర ఆచార్యులకు పంపిరి. కొందరికి పంపిన ప్రతులలో అభ్యర్థి పేరు జాన్, మిగిలినవారికి పంపిన ప్రతులలో జెన్నిఫర్. తక్కినదంతయు అక్షరాల ఒక్కటే. ఆచార్యులు జాన్‌కు సగటున 30,238 డాలర్లు, జెన్నిఫర్‌కు 26,508 డాలర్లు వార్షిక జీతము సూచించిరి. సామర్థ్యమును గూడ జాన్‌దే ఎక్కువగ అంచనావేసిరి. ఇట్లు నిర్ణయించుటలో స్త్రీ ఆచార్యులకును పురుష ఆచార్యులకును భేదము కనబడలేదు. జెన్నిఫర్ అను మనిషియే లేదు. లేని మనిషికి ఆత్మవిశ్వాసము ఎక్కువ తక్కువలుండవు. కావున ఈ 3,730 డాలర్ల భేదమునకు ఆమె సంకోచము కారణమని ఎవరును చెప్పజాలరు.

ఒక ప్రయోగమునే వేదవాక్యముగ గొనరాదు. 2015లో వెండీ విలియమ్స్, స్టీఫెన్ సెసి అనువారు ఆచార్యపదవిలో తొలిమెట్టునకు తగిన కల్పిత అభ్యర్థులను చూపగా, పరిశీలించినవారు స్త్రీలను సుమారు రెండింతలు ఎక్కువగ ఎన్నుకొనిరి. ఆ ప్రయోగములో అభ్యర్థులందరును మిక్కిలి ప్రతిభావంతులని ముందే చెప్పబడినది. జాన్, జెన్నిఫర్‌ల దరఖాస్తు మధ్యరకమునకు చెందినది. ప్రతిభ నిస్సందేహమైనచోట పక్షపాతమునకు చోటు తక్కువయు, సందేహమున్నచోట ఎక్కువయు కావచ్చునని రెండింటిని కలిపి చదివిన తోచును. ఇది నిర్ధారణ కాదు, పరీక్షింపదగిన పరికల్పన.

నివేదిక తరువాత

విజ్ఞాన, ఇంజనీరింగు విభాగములలో స్త్రీ ఆచార్యుల సంఖ్య 1999 తరువాత దాదాపు రెట్టింపైనదని ఎం.ఐ.టి. 2011లో ప్రకటించిన రెండవ నివేదికవలన తెలియుచున్నది. అందే ఒక క్రొత్త చిక్కును పేర్కొన్నారు. స్త్రీలకొరకు ప్రమాణములను తగ్గించిరన్న అభిప్రాయము కొందరిలో వ్యాపించినది. వెనుక స్త్రీల ఫిర్యాదును ‘మీ భావన మాత్రమే’ అనినవారు అడిగిన ప్రశ్ననే ఇప్పుడు ఈ అభిప్రాయమునకును వేయవలెను: దీనికి కొలత ఏది?

మన దేశములోను ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అన్నా మణి 1940లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరి, వజ్రముల కాంతిధర్మములపై పరిశోధించి, 1945లో సిద్ధాంతవ్యాసమును సమర్పించినది. ఎం.ఎస్‌సి. పట్టము లేదన్న కారణముచే మద్రాసు విశ్వవిద్యాలయము డాక్టరేటును ఇయ్యలేదు. తరువాత ఆమె భారత వాతావరణ శాఖలో పరికరముల నిర్మాణమునందు గొప్ప కృషి చేసినది. పట్టము లేకపోవుట తనకు ఏ లోటును కలిగింపలేదని ఆమె చెప్పెడిది. స్త్రీ యగుటవలన తన పనికి ఆటంకము కలిగినదనుటకును ఆమె ఒప్పుకొనలేదు. ఆమె మాటను తక్కువ చేయుటకు ఎవరికిని హక్కు లేదు. అయితే ఒకరికి బాధ కలుగలేదన్నది సమానత్వమునకు నిదర్శనము కానట్లే, ఒకరికి బాధ కలిగినదన్నది వివక్షకు నిదర్శనము కాదు. రెండింటికిని పట్టిక కావలెను.

ఆ పట్టికను ఉన్నత పాఠశాలలోనే ఆరంభింపవచ్చును. ప్రయోగశాలలో బ్యూరెట్టును ఎవరు పట్టుకొనుచున్నారు, రీడింగులను ప్రక్కన కూర్చుండి ఎవరు వ్రాయుచున్నారు, ప్రశ్న అడిగినప్పుడు ఉపాధ్యాయుడు మొదట ఎవరివైపు చూచుచున్నాడు — ఒక నెలపాటు ఒక విద్యార్థి గీతలుపెట్టి లెక్కించిన చాలును. నెలాఖరున బాలురు, బాలికలు అని రెండు వరుసలుగ కూడి, తరగతిలోని వారి సంఖ్యతో పోల్చవలెను. లెక్క సమానముగ వచ్చినచో సంతోషము. రానిచో, బాలికలు బిడియపడుచున్నారని నిర్ణయించుటకు ముందు, మరుసటి నెల బ్యూరెట్టును వారి చేతికిచ్చి మరల లెక్కింపవలెను.