ఎంగిలి చెంచా

మా బామ్మ జన్మలో పులుసు రుచి చూసి ఎరగదు. దేవుడికి పెట్టకముందు నాలుక మీద వేసుకుంటే ఎంగిలైపోదూ! ఉప్పు అరచేతి గుంటలో పోసుకుని ఒక్క క్షణం చూసి గిన్నెలో వేసేది, అంతే. ఆ ఇంట్లోంచి వెళ్లి హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరాను. కిచెన్ ప్రాక్టికల్స్‌లో మొదటివారమే తిట్లు: "రుచి చూడకుండా ప్లేటెలా పంపావయ్యా?"

వంటకి కాలేజీ ఏమిటని మా మావయ్య ఇప్పటికీ అంటాడు. హైదరాబాద్ విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ, ఐహెచ్ఎం, ఉందన్నా, తిరుపతిలో అచ్చంగా వంట కోసమే ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ పెట్టారన్నా ఆయన మొహంలో "ఇంజినీరింగ్ రాలేదా పాపం" అన్న జాలి పోదు. ఇంట్లో ఉప్పు తగ్గితే ఆవకాయ నంజుకుంటాం. బాంక్వెట్‌లో మూడొందల ప్లేట్లు ఒకేసారి వెళ్లేచోట ఆ సర్దుబాటు కుదరదు మావయ్యా అంటే వినడు.

రుచి ఎందుకు చూడాలో నాకు చికెన్ స్టాక్ దగ్గర తలకెక్కింది. ఎముకలు చల్లటి నీళ్లలో వేసి సన్నసెగ మీద పెట్టాలి. పైకి తేలిన తెట్టు తీస్తూ ఉండాలి. ఉల్లిపాయ రెండు పాళ్లు, క్యారెట్ ఒకటి, సెలెరీ ఒకటి. తెర్లనివ్వకూడదు, మడ్డి తేలుతుంది. అన్నీ బుద్ధిగా చేసి, మన చారు అలవాటుకొద్దీ ఉప్పు వేసేశాను. స్టాక్‌లో ఉప్పు వెయ్యరు. సాస్ కోసం దాన్ని సగానికి మరిగించేసరికి నీళ్లు పోయాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది? షెఫ్ ఏమీ అనలేదు. చెంచా నా చేతికిచ్చి తాగమన్నారు. సముద్రం.

ఆ చెంచాకో మడి ఉంది. ఒకసారి నోట పెట్టిందాన్ని మళ్లీ గిన్నెలో ముంచకూడదు, ఎంగిలి చెంచాల డబ్బాలో పడెయ్యాలి. క్రిముల పేరు చెప్పి షెఫ్ పెట్టే చీవాట్లు అచ్చం మా బామ్మవే. (ఆయన మాత్రం ఫ్రెంచిలో మొదలుపెట్టేవారు. మూడేళ్లలో మాకు బెషమెల్, వెలూటే సాసులు నోటికొచ్చాయి గానీ, గోంగూర ఒక్క మధ్యాహ్నంతో సరి.)

సెలవులకి వస్తూ డిజిటల్ కాటా తెచ్చాను. వినాయకచవితి పులిహోర, అరకిలో బియ్యం. ఉప్పు గిన్నెలో వెయ్యబోతుంటే బామ్మ చెయ్యి ఆపి, కాటా మీద వంపించాను. 18 గ్రాములు. మళ్లీ తీయమన్నాను: 19. మళ్లీ: 18. నేను అదే అరచేత్తో మూడుసార్లు తీశాను. 11, 24, 16.

బామ్మ అంకెలు చూడలేదు. "పండగపూట ఉప్పంతా గట్టుమీద పోశావు, తుడవరా" అంది.