గుంటూరు నీలి గీత

పల్నాటి పిడుగురాళ్ల సున్నపు బట్టీలో రాయినీ బొగ్గునూ పొరలు పొరలుగా పోసి కాల్చినప్పుడు, సుమారు 900 డిగ్రీల వేడికి ఎర్రబారిన గడ్డ వెలుగును పట్టకంలోంచి చూస్తే, ఒక రంగు మరో రంగులోకి ఎడతెగకుండా కలిసిపోతుంది. పలుచని వాయువు అలా వెలగదు; దాని పరమాణువులు తమవైన కొద్ది రంగులనే వెలువరిస్తాయి గనుక వర్ణపటంలో, అంటే కాంతిని రంగులుగా విడదీసి పరిచిన పట్టీలో, అవి సన్నని గీతలుగా నిలుస్తాయి.

ఈ తేడా పనిముట్టుగా మారింది పల్నాటికి చేరువలోనే. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం చూసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుడి అంచున లేచిన జ్వాలల్లో హైడ్రోజన్ గీతలను గుర్తించి, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నాడు. వర్ణపటాన్ని వెడల్పుగా పరిచేకొద్దీ ఆకాశపు వెలుతురు పలచబడుతుంది, గీత మాత్రం చెదరదు. గుంటూరు పేరు హీలియం మూలకాన్ని కనుగొన్న కథతోనే ఎక్కువగా వినబడుతుంది గాని, ఆ మర్నాటి ఉపాయానికి అంతకన్నా ఎక్కువ గౌరవం దక్కాలి.

గెలాక్సీల చుట్టూ లక్షల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న వాయువు మసక వెలుగు కోసం చిలీలోని మ్యూజ్ పరికరం ఆకాశంలో చుక్కచుక్కకూ విడిగా వర్ణపటం తీయడంలో ఉన్నదీ ఆ ఉపాయమే. ఆ వాయువు ఆచూకీ తొలుత చెప్పినవాటిలో సున్నపు మూలకమైన కాల్షియం ఒకటి: పాలపుంత తలానికి బాగా ఎగువనున్న మేఘాలు నక్షత్రకాంతిలో కాల్షియం రంగులను మింగేయడాన్ని ఆధారం చేసుకుని, ఆ మేఘాలు చెదిరిపోకుండా అదిమి ఉంచే పది లక్షల డిగ్రీల పలుచని వాయువు చుట్టూ ఉండాలని 1956లో ఖగోళ శాస్త్రజ్ఞుడు స్పిట్జర్ వాదించాడు.

ఎక్కడ, ఎంత మసకగా వెతకాలో కంప్యూటర్ నమూనాలు చెబుతాయి. గురుత్వాన్నీ, వాయువు చల్లబడే తీరునూ, నక్షత్ర విస్ఫోటాల తోపుడునూ అవి చోటును గడులుగా విడదీసి గడిగడికీ లెక్కగడతాయి. చిక్కంతా గడి పరిమాణంలోనే ఉంది. వాయువు వెలుగు సాంద్రత వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, వేడి మారకుండా అంతే వాయువును పదోవంతు చోటులోకి కుదిస్తే మొత్తం వెలుగు పదింతలవుతుంది. గడులు పెద్దవైతే చిన్న ముద్దలు లెక్కలో కరిగిపోయి, ఉన్న వెలుగు లేనట్టు తేలుతుంది. అందుకే పరిశీలన సరిచూడని నమూనాను ఎంత అందంగా ఉన్నా నమ్మలేం.

ఈ వెతుకులాటలో ముఖ్యమైనది హైడ్రోజన్ లైమన్-ఆల్ఫా గీత. 121.6 నానోమీటర్ల అతినీలలోహితంగా సుమారు 1,150 కోట్ల ఏళ్ల కిందట బయలుదేరిన ఆ కాంతి, విశ్వం వ్యాకోచించడంతో నాలుగింతలు సాగి, 486 నానోమీటర్ల దగ్గర నీలి గీతగా భూమిని చేరుతుంది. గుంటూరులో జాన్సెన్ చూసిన హైడ్రోజన్ నీలి గీత స్థానమూ అదే.