స్ప్రింగు కంటే ముందు ప్రశ్న

మంచి సస్పెన్షన్ మెకానిక్ స్ప్రింగులు చూపించే ముందు ప్రశ్నలు అడుగుతాడు. రోజూ ఏ దారిన వెళ్తారు? వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు? 2020లో మన దేశానికి 200 మాత్రమే వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 లాంటి కారు ఫ్యాక్టరీ నుంచే కిందికి ఉంటుంది. ఇంకా దించమని కుర్రాళ్లు అడుగుతారు. స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు గీసుకుపోతుందని చెప్పి ఆపేవాడే నా లెక్కలో అసలైన పనివాడు.

ఎత్తు మార్చక్కర్లేకపోతే బిల్‌స్టీన్ బీ6 షాక్ అబ్జార్బర్లు, పొట్టి స్ప్రింగులు వేస్తే వాటికి తగ్గ బీ8. పాతవాటికే పొట్టి స్ప్రింగులు తగిలిస్తే కదలడానికి జాగా తగ్గి, గుంతలో పడ్డప్పుడల్లా సస్పెన్షన్ రబ్బరు స్టాపుల మీద కొట్టుకుంటుంది. ఇంజను బలమంతా ముందు చక్రాలకే వెళ్లే ఈ కారు మలుపులో బయటికి లాగుతుంటే, వెనక కాస్త గట్టి యాంటీరోల్ బార్ వేస్తాడు.

అన్నిటికంటే నాకు నచ్చేది చివరి పని. కారు లిఫ్టు మీద వేలాడుతుండగా రబ్బరు బుష్‌ల బోల్టులు బిగించేయడు. చక్రాల మీద బరువు పడ్డాకే బిగిస్తాడు. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఆ తర్వాతే అలైన్‌మెంట్. ఎవరూ చూడని ఈ ఓపికకు బేరమాడకుండా కూలి ఇవ్వండి.