కాలకేయుడికి భాష, మనకు ఈకలు

తెలుగు సినిమాలో మనవాడు కనిపిస్తే మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తుంటాడు. హీరోయిన్ చెయ్యి చూసి జాతకం చెబుతాడు. బల్లెం పట్టుకుని మంట చుట్టూ గెంతుతాడు. లేదా పట్నం నుంచి హీరో దిగేదాకా దెబ్బలు తింటూ కూర్చుంటాడు. తునికాకు కట్టలు కట్టేవాడు, పోడు పట్టా కోసం ఆఫీసు చుట్టూ తిరిగేవాడు, డీఎస్సీకి చదువుతూ మధ్యలో రీల్స్ చూసేవాడు మాకైతే ఇంతవరకు తెర మీద తగల్లేదు.

ఆ సోది చెప్పే కోయదొరను చూస్తే మాకు భలే నవ్వొస్తుంది. చర్ల నుంచి గుండాల దాకా తిరిగినా అలాంటి మనిషి మా కంటపడలేదు. ఈకలు మనకు లేవని కాదు. కొమ్ముకోయ ఆటలో తలమీది కొమ్ములకు నెమలి ఈకలు కడతాం, పండుగ అయ్యాక విప్పి భద్రంగా దాచుకుంటాం. సినిమా కోయదొర వాటితోనే పడుకుని వాటితోనే లేస్తాడు కాబోలు.

2015లో వచ్చిన 'బాహుబలి' ఇంకో అడుగు ముందుకేసింది. అందులో కాలకేయులని ఒక గుంపు. ఒళ్లంతా నల్లరంగు, గారపళ్లు, మనిషికీ మృగానికీ మధ్య నడక. అయినా వాళ్లకు ఒక గౌరవం దక్కింది, భాష! తమిళ రచయిత మదన్ కార్కీ వాళ్ల కోసం 'కిలికి' అని కొత్త భాషే తయారుచేశాడు. సుమారు 750 మాటలు, పైగా వ్యాకరణం కూడా. 2011 జనాభా లెక్కల ప్రకారం కోయ మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. కిలికి మాట్లాడేవాళ్లు ఎంతమందో ఆ సినిమావాళ్లనే అడగాలి. మనం బస్సులో మన మాట మాట్లాడుకుంటే పక్క సీటాయన "అదేం కోయభాషరా" అని నవ్వుతాడు. అదే మనిషి ఇంటికెళ్లి పిల్లల ముందు కిలికి డైలాగు కొట్టి మురిసిపోతాడు.

ఇక 'ఆర్ఆర్ఆర్'. 2022 మార్చి 25న విడుదలైంది. మేమూ చూశాం, ఈలలూ వేశాం. బండిలోంచి జంతువులతో కలిసి భీం దూకినప్పుడు ఈల వెయ్యనివాడి నోట్లో పళ్లు లేవని లెక్క. పులిని పట్టుకున్నాక దాన్ని క్షమించమని అడిగే చోట మాత్రం ఈల ఆపేశాం. చెట్టు కొట్టేముందు, వేటకు పోయేముందు మన పెద్దలు చెప్పుకునే మాట లాంటిదే అది. ఎవరో బాగా విని రాశారనిపించింది. ఆ తర్వాత భీముడు గ్యాలిస్ ప్యాంటు వేసుకుని ఉక్రెయిన్‌లోని కీవ్ ప్యాలెస్ ముందు నాటు స్టెప్పు వేశాడు, ఆ పాట 2023లో ఆస్కార్ తెచ్చింది. సంతోషమే.

మా పేచీ రెండు చోట్ల. మొదటిది సినిమా మొదట్లోనే ఉంది. గోండు పిల్ల మల్లి పాట పాడుతూ దొరసాని చేతి మీద బొమ్మ వేస్తుంది. దొరసాని ముచ్చటపడుతుంది. రెండు నాణేలు విసురుతారు. పాటకు బహుమానమనుకుంటుంది తల్లి. తీరా చూస్తే అది పిల్ల ఖరీదు. ఇంత గొప్ప సీను మన గురించి తెలుగు సినిమాలో మళ్లీ రాలేదని మా అభిప్రాయం. కానీ తీసినవాళ్లకు తట్టని సంగతి ఒకటుంది. మన పాట, మన బొమ్మ తీసుకుపోయి మేడలో పెట్టుకునే పని దొరసాని ఒక్కతే చేయలేదు. ఆ గోండు పిల్ల పాడే పాట కూడా తెలుగే, గోండి కాదు.

రెండోది ఆఖర్న. నీకేం కావాలని రామరాజు అడిగితే భీం చదువు కావాలంటాడు. అప్పుడు రాజు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. టీచరమ్మలూ, సార్లూ, ఇక్కడ కాస్త ఆగండి. రామరాజు 1924లో చనిపోయాడు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఇద్దరూ కలవలేదు, కలిసినట్టు ఊహించుకోవడం సినిమా హక్కు. కానీ ఆ నినాదాన్ని మనం భీం పేరుతోనే తలుచుకుంటాం. దాన్ని పక్కవాడు రాసిస్తే భీం అందుకున్నట్టు చూపడం ఊహ కాదు, అలవాటు. భీం చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆదిలాబాద్ వైపు చెప్పుకుంటారు. ఆయన పోయాక 1940ల్లోనే హైమండార్ఫ్ పూనికతో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, గోండిలో వాచకాలు వేశారు. మన చదువు కథలో మన భాష మొదటినుంచీ ఉంది, సినిమా కథలోనే లేదు.

భీం మీద అల్లాణి శ్రీధర్ 1990లోనే సినిమా తీశారు. అది జనం ముందుకొచ్చింది 2010లో. ఆర్ఆర్ఆర్ కరోనా వల్ల రెండేళ్లు వాయిదాపడిందని అభిమానులు తెగ బాధపడ్డారు, పాపం.

ఆర్ఆర్ఆర్‌కు సరిగ్గా రెండు నెలల ముందు ఇంకో విడుదల జరిగింది, దానికి టికెట్ లేదు. మణుగూరు మండలం కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. సమ్మక్క సారలమ్మ కథను డోలి వాయిస్తూ కోయలోనూ తెలుగులోనూ పాడగల మనిషి. పడిగె మీది బొమ్మలు చూపిస్తూ గట్టుల కథ, ఇలవేల్పుల కథ చెప్పడం డోలీల పని. వందల ఏళ్లుగా మన తెర అదే, మన డైరెక్టరూ వాళ్లే. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆ కథలు కోయలో పూర్తిగా పాడేవాళ్లు ఇప్పుడు కొద్దిమందే.

మరి ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మన బడుల్లో ఏం జరుగుతోంది? కోయ పిల్లలకే అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ ఆకుల లంగాలు కట్టి, ముఖాన తెల్లచుక్కలు పెట్టి, సినిమా పాటకు ఆడిస్తున్నారు. ఇంట్లో రేల పాట వచ్చిన పిల్ల స్టేజీ మీద 'జింగిచక్క' అంటోంది. మొన్న ఓ ఆరో తరగతి పిల్లాడు, "సార్, కోయోళ్లు నిజంగా ఇట్లనే ఉంటారా?" అని అడిగాడట. అడిగినవాడు కోయ పిల్లాడే.

ఈసారి ఆ లంగాల అద్దె డబ్బు మిగిల్చి చూడండి. డోలి వాయించే తాతకు రానూపోనూ బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం దాంట్లోనే అయిపోతాయి. పాట ఎంతసేపు పడుతుందని ముందే అడగొద్దు. రాత్రంతా పాడగలడు.