తామర తొట్టిలో మూడు తోకలు

మా మేనల్లుడు పెన్సిల్వేనియా నుంచి వచ్చి పది రోజులుండి వెళ్లాడు. ఇంకో వారం ఉండరా అంటే ఒప్పుకోలేదు. అక్కడ ఏప్రిల్ మొదటి శనివారం ట్రౌట్ చేపల సీజన్ మొదలవుతుంది. "ఆ పొద్దున వాగులో నిలబడకపోతే నాకు ఏడాదంతా వెలితే మామయ్యా" అన్నాడు. సంచిలోంచి అరచేయంత పెట్టె తీసి భోజనాల బల్ల మీద తెరిచాడు. అరల నిండా ఈకలతో కట్టిన పురుగులు.

ఒకటి నా చేతిలో పెట్టాడు. వడ్లగింజంత గాలం. దాని ఒంటికి బూడిదరంగు దారం, మెడ దగ్గర కోడి ఈక ఒక్కటి గుండ్రంగా తిప్పి కట్టి ఉంది. ఈక పోగులు చుట్టూ విచ్చుకుని, ఆ పోగుల మొనల మీదే పురుగు నా అరచేతిలో నిలబడింది. నీటి మీద కూడా అలాగే నిలబడుతుందట. కోడి మెడ ఈకలను గాలానికి కట్టడం మాసిడోనియాలో ఉందని విన్నట్టు ఏలియన్ అనే రచయిత సుమారు 1800 ఏళ్ల కిందటే రాశాడు.

ప్రతి అర మీదా ఓ పేరు: క్విల్ గోర్డన్, హెండ్రిక్సన్, బ్లూ వింగ్డ్ ఆలివ్. అన్నీ మేఫ్లైలే, ఒక్కో రకానికి ఒక్కో పేరు. "వీటిని తెలుగులో ఏమంటారు మామయ్యా?" అని అడిగాడు.

నాకు నోరు పెగల్లేదు. ఈ కాలమ్ చదివేవారికి నా పట్టుదల తెలుసు. పేరు పోతే ప్రాణి పోయినట్టేనని గడ్డిపూల గురించి, పిట్టల గురించి ఎన్ని వారాలు రాశానో. తూనీగకు పేరుంది, మిణుగురుకు పేరుంది. ఏడాది పొడుగునా నీటి అడుగున బతికి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజుల్లో రాలిపోయే ఈ పురుగుకు, రెక్కలొచ్చిన తర్వాత కూడా మరోసారి కుబుసం విడిచే ఒకే ఒక్క కీటకానికి, రెండు నిఘంటువులు తిరగేసినా పేరు చిక్కలేదు. ఈ వారం దాని మీదే గట్టిగా రాద్దామని కూర్చున్నాను. కూర్చుంటే తాతయ్య అడ్డొచ్చాడు.

ఏలూరు కాలువ గట్టున మా తాతయ్యది వెదురు గెడ, జీలుగు బెండు, కొబ్బరి చిప్పలో తడిమట్టి, అందులో ఎర్రలు. మామూలు రోజుల్లో అంతే. తొలకరి వాన వెలిసిన సాయంత్రం మాత్రం ఎర్రల చిప్ప ముట్టుకునేవాడు కాదు. పుట్టల్లోంచి ఉసిళ్లు లేచి దీపాల చుట్టూ, నీటి మీదా రాలేవి. పరిగెలు పైకొచ్చి టప్పున అందుకునేవి. అప్పుడు బెండు తీసేసేవాడు. రెండు ఉసిళ్ల రెక్కలు గిల్లి, చిన్న గాలానికి గుచ్చి, నీటి మీద తేలేటట్టు సుతారంగా వదిలేవాడు. "చేప నోరు పైకి చూస్తుంటే కిందికి ఎర వేస్తావేంట్రా" అని నన్ను కోప్పడ్డాడు ఒకసారి.

వాన లేని సాయంత్రాల్లో ఇంకో పని చేసేవాడు. వంతెన కిందికి దిగి సాలెగూళ్లు చూసేవాడు. వాటిలో ఏ పురుగు కొత్తగా చిక్కిందో, ఎంతుందో, ఏ రంగో చూసి వచ్చి ఆ రోజు ఎర నిర్ణయించేవాడు. ఉసిళ్లు తప్ప మిగతావన్నీ ఆయనకు "పురుగే". నాకు తెలిసినంతలో వాటిలో ఒక్కదానికీ పేరు పెట్టలేదు. పరిగెలు లేకుండా ఇంటికొచ్చిన సాయంత్రాలు మాత్రం తక్కువ.

సాలెగూళ్ల సంగతి చెప్తే మేనల్లుడు కుర్చీలో ముందుకు జరిగాడు. వాళ్లూ వంతెనల కింద అదే చూస్తారట. పైగా ఏప్రిల్ తొలివారంలో ఆ పేర్ల అరల్లో సగం మూసే ఉంటాయన్నాడు. నీరు పది డిగ్రీల దాకా వేడెక్కితే గాని క్విల్ గోర్డన్ పైకి రాదు. అంతవరకూ చేప వాగు అడుగునే మందంగా కదులుతూ, ఎదురొచ్చిన పిల్లపురుగుల్ని తింటుంది. అందుకని గాలం కట్టకముందు రాయి తిప్పుతాడు. రాతి కింద బల్లపరుపుగా అతుక్కున్నది మేఫ్లై పిల్ల. రెండు తోకలది స్టోన్‌ఫ్లై. ఇసుక రేణువులను పట్టుతో అతికి గొట్టంలా ఇల్లు కట్టుకున్నది కాడిస్. రాయి చూశాకే పెట్టె తెరుస్తాడు.

మన నీలగిరుల్లోనూ ట్రౌట్‌కు తిండి రాళ్ల కిందే దొరికింది. మద్రాసు సైన్యంలో వైద్యుడు ఫ్రాన్సిస్ డే 1860లలో ట్రౌట్‌ను అక్కడికి చేర్చాలని చూస్తే నిలబడలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విల్సన్ అనే ఆయన అవలాంచిలో పిల్లల్ని పొదిగించి రెయిన్‌బో ట్రౌట్‌ను నిలబెట్టాడు. చేపను ఓడలెక్కించి తెచ్చారు గాని దాని తిండిని తేలేదు. అది ఆ వాగుల్లో రాళ్ల కింద ముందు నుంచీ ఉంది. ఎదురు దిక్కున, దక్షిణాది అడవికోడి మెడ ఈకలు గాలాలకు కట్టడానికి బ్రిటన్‌కు వెళ్లాయి. ఆ ఈక మీద మైనం చుక్క పెట్టినట్టు ఓ మెరుపుంటుంది. ఆ మెరుపు కోసం ఎన్ని కోళ్లను చంపారో తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం మేనల్లుడు డాబా ఎక్కి, నా తామర తొట్టి దగ్గర కూర్చున్నాడు. తెల్ల సాసర్ అడిగాడు. ఆకు కింద ముంచి తీశాడు. ముందు నాకు నాచే కనిపించింది. నీరు తేరుకున్నాక ఎర్రటి సన్న పురుగు ఒకటి మెలికలు తిరిగింది. దుకాణాల్లో అక్వేరియం చేపలకు అమ్మే ఎర్రపురుగు అదే. "అది కాదు, ఇటు చూడు" అని వేలు పెట్టాడు. బియ్యపు గింజలో సగం ఉంది. ఒంటికి రెండు పక్కలా రేకుల్లాంటి మొప్పలు, ఎవరో విసనకర్ర విసురుతున్నట్టు ఆగి ఆగి వణుకుతున్నాయి. వెనక మూడు తోకలు.

పన్నెండేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ తొట్టిలోకి చూస్తున్నాను, పూల కోసం. పేరు లేనందుకే ఇది నాకు కనిపించలేదనడానికి ఇక నోరు రాదు. సాసర్ ముంచలేదు, అంతే. తాతయ్య అయితే ముంచేవాడు.

వాడు విమానం ఎక్కిన మర్నాడు, తొట్టి పక్క గోడ మీద తెల్లటి కుబుసం ఒకటి అంటుకుని ఉంది. రెక్కల తొడుగులతో సహా ఊడిపోయిన చర్మం. కళ్లజోడు తెచ్చుకుని తోకలు లెక్కపెట్టాను. రెండే ఉన్నాయి. వెంటనే వాడికి ఫోన్ చేశాను. "ఎగిరేటప్పుడు రెండే మామయ్యా, నీళ్లలో మూడు" అన్నాడు. పేరు చెప్పబోతే ఆగమన్నాను. ఇవాళ పొద్దున సాసర్‌లో నాలుగు కనిపించాయి.