మోటారుసైకిలు గేరు చప్పుడు: వాడుకలోని వివరణలపై ఒక విమర్శ

శృంగవరపుకోట దాటి అరకు పోవు ఘాటు రోడ్డుపై టైడా ఒక చిన్న మజిలీ. అనంతగిరి మండలములోని ఈ ఊరు 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఇక్కడ రోడ్డు ప్రక్కన కొంతసేపు నిలిచినచో మోటారుసైకిళ్ళ గేరు చప్పుళ్ళు ఎన్ని విధములో వినవచ్చును. మలుపులో నాలుగు నుండి మూడునకు దించునపుడు ఒకటి. టీ త్రాగి బయలుదేరుచు మొదటి గేరు వేయునపుడు ‘టక్కు’మని మరొకటి. బండి క్రొత్తగా నేర్చినవాడు ఈ చప్పుడునకు ఉలికిపడును. లోపల ఏదో విరిగినదని అతని భయము.

ఆ భయమునకు మనము చెప్పు సమాధానములు చాలవరకు తప్పు. పాఠ్యపుస్తకము ఒకటి చెప్పును, మెకానిక్కు ఒకటి చెప్పును, వెనుక కూర్చున్న బావగారు మరొకటి చెప్పును. కొండదారిలో ఈ తప్పులు చప్పుడుతో పోవు.

మొదట పాఠ్యపుస్తకము మాట. చిన్న చక్రము పెద్ద చక్రమును త్రిప్పినచో వేగము తగ్గి, త్రిప్పుడు బలము పెరుగునని అది బోధించును. ఇది నిజమే. కాని ఆ రెండు చక్రముల బొమ్మను మాత్రమే చూచిన విద్యార్థి, గేరు మార్చుట అనగా ఒక చక్రమును తొలగించి మరొకదాని పళ్ళలో పళ్ళు దూర్చుట అని ఊహించుకొనును. పూర్వకాలపు కార్లలో అట్లే జరిగెడిది. నేటి మోటారుసైకిలులో అట్లు కాదు. అందలి గేరు చక్రములన్నియు జతజతలుగా ఎల్లప్పుడును కలిసియే తిరుగుచుండును. ప్రతి జతలోను ఒక చక్రము తన ఇరుసుపై వదులుగా తిరుగును. దాని ప్రక్కనున్న చక్రమో, అంచుకు పొడుచుకొనివచ్చిన లావుపాటి ఉక్కుపళ్ళు కలిగి, ఇరుసు వెంట జరుగును. ఈ పళ్ళను డాగ్‌లందురు. మనము పెడలు నొక్కగా ఒక కవ్వపు ఆకారపు పిడికిలి — మెకానిక్కులు దీనిని ఫోర్కు అందురు — ఆ చక్రమును ప్రక్కకు నెట్టును. డాగ్‌లు ఎదుటి చక్రపు గాడులలో పడును. మనము విను ‘టక్కు’ ఇదియే. ఉక్కు ఉక్కును తాకిన శబ్దము.

కార్లలో ఈ తాకిడికి ముందే రెండు భాగముల వేగములను సమముచేయు ఏర్పాటు కలదు. సింక్రోమెష్ అను ఈ ఏర్పాటు 1928లో కాడిలాక్ కార్లలో ప్రవేశించినది. మోటారుసైకిలు గేరుపెట్టె చిన్నది, భాగములు తేలికయైనవి. అందుచే దానికి ఈ హంగు పెట్టరు. కనుక కొంత చప్పుడు దాని స్వభావము, జబ్బు కాదు.

ఎంత చప్పుడు స్వభావము? ఇక్కడ పదవ తరగతి భౌతికశాస్త్రమే చాలును. డాగ్‌లు కలియునపుడు రెండు భాగముల వేగములలోని తేడా క్షణములో మాయము కావలెను. అట్లు మాయమగు శక్తి వేగముల తేడాయొక్క వర్గమునకు అనులోమానుపాతములో ఉండును. నిలిచిన బండిలో వెనుక చక్రము తిరుగదు. క్లచ్చి వైపు ఇరుసు మాత్రము ఇంజనుతోపాటు తిరుగుచుండును. ఇంజను నిమిషమునకు 1,200 చుట్లకు బదులు 2,000 చుట్లు తిరుగుచున్నపుడు మొదటి గేరు వేసినచో తాకిడి శక్తి సుమారు 2.8 రెట్లగును. చలికాలపు ఉదయమున చోకు లాగిన బండి అంత గట్టిగా మోగుటకు కారణమిదే. పైగా చల్లని ఆయిలు చిక్కనై క్లచ్చి పలకలను అంటిపెట్టుకొనును. పిడి పూర్తిగా లాగినను అవి పూర్తిగా విడిపోవు.

ఇట్టిచోట “చిక్కటి ఆయిలు పోయించండి మాస్టారూ” అని చెప్పుట రోగమును పెంచుటయే. అయితే ఈ సలహాను పూర్తిగా ఎగతాళి చేయరాదు. 1955లో మద్రాసులో తయారీ ఆరంభమైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు గేరుపెట్టె వేరు, దాని కందెన వేరు, క్లచ్చి వేరొక అరలో ఉండెడిది. అట్టి బండికి గేరుపెట్టెలో చిక్కని కందెన తగును. నేటి బండ్లలో పెక్కింటికి ఇంజను, క్లచ్చి, గేర్లు మూటికిని ఒకే ఆయిలు. బండి మారినది, సలహా మారలేదు.

“మెత్తగా, నెమ్మదిగా నొక్కు” అనునది మరింత హానికరము. నెమ్మదిగా నొక్కినచో డాగ్‌లు గాడిలో పడక అంచులపై జారుచు గరగరలాడును. అంచులు అరిగి గుండ్రనగును. తరువాత గేరు తనంతట జారిపోవుట మొదలగును. ఒక్క ‘టక్కు’ మేలు, పది ‘గరగర’లు చేటు. క్లచ్చి పూర్తిగా లాగి, పెడలును తడబాటు లేక చివరివరకు నొక్కవలెను. అప్పటికిని గరగరలాడినచో క్లచ్చి తీగ వదులు చూడవలెను. పిడి కొన వద్ద అది సాధారణముగా 10 నుండి 20 మిల్లీమీటర్లు ఉండును. వదులైన చైను కూడ గేరు చప్పుడుకు తన వంతు కలుపును. నింద మాత్రము గేరుపెట్టెపై పడును.

అన్నింటికన్న ప్రమాదకరమైనది అనంతగిరి నుండి టైడా వైపు దిగునపుడు వినవచ్చు సలహా: “చప్పుడెందుకు, న్యూట్రలులో వదిలేయి, పెట్రోలు కూడ మిగులుతుంది.” బండి, మనిషి కలిసి 200 కిలోలనుకొందము. ప్రతి 100 మీటర్ల ఎత్తు దిగుటలో 1,96,000 జౌళ్ళ శక్తి ఎక్కడికో పోవలెను. ఒక కిలో ఇనుమును 400 డిగ్రీలకు పైగా వేడెక్కించుటకు ఇది చాలును. గాలి కొంత తీసికొనును. గేరులో ఉన్నచో ఇంజను పెద్ద భాగము పంచుకొనును. న్యూట్రలులో ఆ భారమంతయు బ్రేకులదే. వేడెక్కిన బ్రేకు పట్టు తప్పును. చప్పుడునకు జంకి గేరు దించనివాడు తెలియక ఈ స్థితికే చేరుకొనును.

దించునపుడు నిజముగా జరుగునది రెండు సంగతులు. వాటిని వేరుచేసి చెప్పువారు అరుదు. నాలుగవ గేరులో 3,000 చుట్లు తిరుగు ఇంజను, అదే బండి వేగమునకు మూడవ గేరులో, నిష్పత్తుల తేడా 1.3 రెట్లైనచో, 3,900 చుట్లు తిరుగవలెను. క్లచ్చి లాగినపుడు డాగ్‌ల తాకిడి ఒకటి, దీనిచే చప్పుడు. క్లచ్చి వదలినపుడు ఇంజను 3,900కు లాగబడుట రెండవది, దీనిచే కుదుపు. వేగము ముందుగా తగ్గించి, ఒక్కొక్క గేరే దించుచు, క్లచ్చి వదలు ముందు యాక్సిలరేటరును కొద్దిగా త్రిప్పినచో రెండవది దాదాపు మాయమగును. మొదటిది కొంత మిగులును; మిగులనిండు.

ఉపాధ్యాయులు దీనిని బడి ఆవరణలోనే చూపవచ్చును. బండిని నడిమి స్టాండుపై నిలిపి, ఇంజను ఆపి, తాళము తీసివేసి, గేరు వేయ ప్రయత్నింపవలెను. కొన్నిసార్లు పెడలు సగములో ఆగిపోవును. అప్పుడు ఒక విద్యార్థి, చైనుకు దూరముగా టైరును పట్టుకొని, వెనుక చక్రమును మెల్లగా త్రిప్పవలెను. డాగ్‌లకు ఎదుట గాడి వచ్చినంతనే గేరు పడును. ఆ ‘టక్కు’ తరగతి అంతటికిని వినిపించును.