గట్టు - గోత్రము: ఒక పద విమర్శ

ఖమ్మము, భద్రాచలము అడవి సీమలయందలి కోయల వ్యవహారమున ‘గట్టు’ అను మాట వంశమును దెలుపును. మూడవ గట్టు, నాలుగవ గట్టు మొదలుకొని యేడవ గట్టు వఱకు పేళ్లు వినవచ్చును. తెలుఁగున గట్టు అనఁగా కొండ, ఒడ్డు. కావున ఒక్కొక్క కొండ నాశ్రయించిన జనమునకు ఆ కొండయే వంశనామ మయ్యెనని తలంచుట సులభము. అయినను ఈ తలంపు విమర్శకు నిలువదు.

మొదట సంఖ్యను పరికింపవలయును. అది కొండల వరుసయే యైనచో ఒకటితో నారంభము కావలసినది. ఈ వరుసలో ఒకటవ గట్టు, రెండవ గట్టు కానరావు. కోయభాష గోండికి మిక్కిలి దగ్గఱిది కావున ఆదిలాబాదు రాజగోండుల యాచార మిచ్చటఁ దోడ్పడును. హైమెండార్ఫు 1948లో ప్రకటించిన గ్రంథమున వారి వంశశాఖలు నలుగురు, అయిదుగురు, ఆఱుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతులుగాఁ జెప్పఁబడినవి. అచ్చటి సంఖ్య వరుసను గాక మూలపురుషుల లెక్కను దెలుపును. గట్టుల సంఖ్యయు నట్టిదే యనుట యుక్తము. తెలుఁగు ‘అవ’ ప్రత్యయము లెక్కను వరుసగాఁ దోఁపించుచున్నది.

రెండవది వివాహము. ఒకే గట్టువారు దూరగ్రామముల నున్నను అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారికిఁ బెండ్లి పొసఁగదు. బిడ్డకుఁ దండ్రి గట్టే సంక్రమించును. నివాసము మాఱినను మాఱనిదానికి నివాస మర్థము కాఁజాలదు. డోలీలు పడిగెలను జూపి పాడునదియుఁ గొండల వర్ణనము గాదు. వేల్పుల పుట్టుక, వంశముల రాక.

‘కట్టు’ అను పదమే గసడదవాదేశముచే గట్టయ్యె నందురేని, అదియుఁ బొసఁగదు. ‘తల్లిదండ్రులు’ అను సమాసమున దకారము గలిగినను విడిగాఁ దండ్రి తండ్రియే. గట్టు విడిగాను గట్టే.

సంస్కృతమున గోత్రశబ్దమునకును బర్వత మర్థము గలదు. కనుకనే యింద్రుఁడు గోత్రభిత్తు. అంతమాత్రమున భారద్వాజ గోత్రమును గొండగా నెవ్వరును వ్యాఖ్యానింపరు. పండితులు గోత్రమునకుఁ జూపు న్యాయమునే గట్టునకును జూపవలయును. నిఘంటువునఁ ‘గొండ’ ప్రక్కను ‘ఏకమూలపురుష సంతతి’ అను నర్థమును వేఱుగాఁ జేర్చుట కర్తవ్యము. లేనిచోఁ దండ్రినుండి బిడ్డకు వచ్చిన వంశము పాఠశాలలో రాళ్లగుట్టగా బోధింపఁబడును.